తెర మీద చూపించినది ఎదుటివారి ఫోనులోకి పోతుంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్టలో నాలుగింటికి మూలం ఒకటే: తెర మీద కనిపించేదాన్ని మరొకరు ఫోనెత్తి ఫొటో తీసుకోవడం. అనంతపురంలో టవర్ క్లాక్‌కు కూతవేటు దూరంలో ముప్ఫై నాలుగేళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ని. కెమెరాకు ఏది చేతనవుతుందో, ఏది కాదో పని చేస్తూ తెలుసుకున్నాను. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీసి ఇస్తాను. పోయిన శ్రావణానికి ముందు ఒక కొత్త అంచు గీశాను. హంసల వరుస, మధ్యమధ్య మామిడి పిందెలు. పంతొమ్మిది రోజులు పట్టింది. ఇద్దరు షావుకార్లు వచ్చి చూసి వెళ్లారు. వారితో వచ్చిన కుర్రవాడు నా కుర్చీ వెనక నిలబడి ఫొటో తీసుకున్నాడని తర్వాత తెలిసింది. నెల తిరగకముందే అదే అంచు మరమగ్గాల మీద దిగింది. నా దగ్గర తీసుకుంటానన్న ఆసామి వెనక్కి తగ్గాడు. తెరకు అంటించే ఫిల్మ్ ఉందట, కొంటే సరిపోతుందా? ఫొటో తీయనివ్వని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
– ఒక డిజైనర్, ధర్మవరం

జవాబు: అమ్మా, మీ పంతొమ్మిది రోజుల పని ఆ కుర్రవాడు రెప్పపాటులో పట్టుకుపోయాడు. మీ కోపం న్యాయమైనది. ఆ మాట ముందు చెప్పి అసలు విషయానికి వస్తాను.

మనిషి కంటికి చక్కగా కనిపిస్తూ కెమెరాకు మాత్రం కనిపించకుండా ఉండే తెర బజారులో దొరకదు. ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు. సాఫ్ట్‌వేర్ చేయగలిగినదల్లా ఆ యంత్రం తన తెరను తానే నకలు తీయకుండా ఆపడం. బ్యాంకు యాప్ తెరిచి స్క్రీన్‌షాట్ తీయబోతే కుదరదని వస్తుంది కదా, ఆండ్రాయిడ్‌లో ఆ ఏర్పాటు పేరు ఫ్లాగ్ సెక్యూర్. వెనక నిలబడి మరో ఫోను ఎత్తినవాడి సంగతి దానికి తెలియదు. తెర దాటి వచ్చిన వెలుగు గదిలోని ప్రతి కంటికీ, ప్రతి కటకానికీ ఒకేలా చేరుతుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. 1980ల చివరలో ఒక తండ్రి మా స్టూడియోకు వచ్చాడు. ఆయన కూతురు దూరదర్శన్‌లో బృందగానం పాడబోతోంది, తెర మీద ఆమె కనిపించినప్పుడు ఫొటో తీసి పెట్టాలి. వీడియో రికార్డరు ఉన్న ఇల్లు ఊళ్లో ఎక్కడో ఒకటి ఉండే రోజులు. ముందు వారం వార్తల వేళ పరీక్షగా ఒక రీలు తీసి కడిగి చూశాను. 1/125 సెకనుకు పెట్టి తీసినవాటిలో తెరకు అడ్డంగా నల్లటి పట్టీ పడింది. ఆ కాలపు టీవీ బొమ్మను ఒక్కసారిగా చూపదు. గీత వెంట గీతగా, సెకనుకు 25 బొమ్మల చొప్పున గీసుకుంటూ పోతుంది. మన కన్ను వాటిని కలుపుకుంటుంది, తొందరపడే షట్టరుకు బొమ్మలో ముక్కే దొరుకుతుంది. 1/8 సెకనుకు తగ్గించాను, గది దీపాలు ఆర్పించాను, ఫ్లాష్ తీసేశాను. నిండు బొమ్మ వచ్చింది. ఆ అమ్మాయి రెండో వరుసలో మూడోది, నోరు తెరిచి రాగం తీస్తోంది. ఆ తండ్రి ఆ ఫొటోను పర్సులో పెట్టుకుని ఎన్నేళ్లు తిరిగాడో!

ఇప్పుడు పరిశోధకులు ఆ నల్లటి పట్టీనే ఆయుధంగా మార్చుకోవాలని చూస్తున్నారు. సెకనుకు 120 సార్లు మారే తెర మీద పాడుచేసిన రెండు బొమ్మలను ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు. కన్ను రెండింటినీ కలిపి అసలు బొమ్మగా చూస్తుంది, వేగంగా తీసే కెమెరాకు పాడైన బొమ్మ ఒక్కటే చిక్కుతుంది. తెలివైన ఆలోచనే. కానీ ఫోనులో షట్టరు వేగం తగ్గిస్తే, నాకు 1/8 సెకనుకు జరిగినట్టే, రెండు బొమ్మలూ మళ్లీ కలిసిపోతాయి. తెరను ఫొటో తీస్తే రంగురంగుల అలలు రావడం మీరు చూసే ఉంటారు. దోమతెర మీద దోమతెర వేస్తే అలలు కనిపిస్తాయే, అదే సంగతి: తెర చుక్కల వరుస, కెమెరా లోపలి చుక్కల వరుస ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటినీ నమ్ముకోవద్దు. ఫోను రెండు అంగుళాలు వెనక్కి జరిపితే చాలావరకు పోతాయి.

ఇక ఫిల్మ్ మాట. అందులో కంటికి ఆననంత సన్నటి నిలువు పలకలు పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. ఎదురుగా కూర్చున్నవారికి వాటి సందుల్లోంచి బొమ్మ కనిపిస్తుంది, 30 డిగ్రీలకు మించి పక్కకు జరిగితే తెర నల్లబడుతుంది. పక్కవాళ్లు తొంగిచూడకుండా అది మంచి వస్తువే. మీ కుర్రవాడు నిలబడింది మీ కుర్చీకి సరిగ్గా వెనక. అతనికి ఆ ఫిల్మ్ అడ్డమే కాదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మీ బలమంతా తెర మీద పెట్టడానికి ముందే ఉంది. షావుకారుకు గ్రాఫు, అంటే గడిగడికీ ఏ పోగు రావాలో చూపే నేత పటం, ఎందుకు చూపించాలి? గడులు లెక్కపెట్టగలిగేంత పెద్దది చేసి గ్రాఫు తెర మీద పెడితే, ఆ ఫొటో ముందు పెట్టుకుని జకార్డు అట్టలు, అంటే ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు, కొట్టేయవచ్చు. అంటే మీరు డిజైను చూపించడం లేదు, పని మొత్తం చేసి చేతిలో పెడుతున్నారు. దాని బదులు చీర కట్టుకున్న బొమ్మ మీద, కుచ్చిళ్ల మడతల్లో ఆ అంచు ఎలా పడుతుందో చూపండి. కొనేవాడికి అందం తెలుస్తుంది. దొంగ మళ్లీ మొదటినుంచి గీసుకోవాలి. చేయి తిరిగినవాడు ఆ ఫొటో చూసి కూడా గీయగలడు, కాదనను. వాడు గీసి, అట్టలు కొట్టించి, మగ్గం ఎక్కించేలోపు మీ చీర కొట్లో ఉంటుంది. మీకు కావలసింది ఆ వ్యవధే. అంచు ఈరోజు చూపితే కొంగు, బుటాలు మాట కుదిరిన తర్వాతే చూపండి.

గడప దగ్గర ఒక వెదురు బుట్ట పెట్టండి. డిజైన్లు చూసే గదిలోకి ఎవరి ఫోనూ రాదు. ముందు మీ ఫోను అందులో వేయండి, తర్వాత అడగండి. షావుకారు నొచ్చుకుంటారేమో అన్న బెరుకు మీ ఉత్తరం నిండా కనిపించింది. ఆయన కొట్లో గల్లాపెట్టె దగ్గరికి ఆయన ఎవరినీ రానివ్వరు కదమ్మా, మీ గల్లాపెట్టె ఆ గది. కుర్చీ వెనక గోడ ఉండేలా బల్ల తిప్పుకోవడం కూడా ఈరోజే చేయవచ్చు.

ఇంకొక పని చేయండి, ఇది నాకు చాలా ఇష్టమైన ఉపాయం. ఒక్కో షావుకారుకు చూపే ప్రతిలో ఒక చిన్న తేడా పెట్టండి. ఒకరికి చూపేదాంట్లో హంస మెడ కింద నాలుగు చుక్కలు, మరొకరికి ఐదు, ఇంకొకరికి మామిడి పిందె తొడిమ ఎడమకు వంపు. ఎవరికి ఏది చూపారో తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. దొంగ చీర మీ చేతికొచ్చిన రోజున మెడ కింద చుక్కలు లెక్కపెడితే ఏ ద్వారం నుంచి పోయిందో తెలుస్తుంది. దేశపటాలు గీసేవారు లేని వీధి ఒకటి కలిపి, నకలు కొట్టినవారిని ఇలాగే పట్టుకునేవారు. చూస్తున్నవారి పేరు, ఆనాటి తేదీ లేత రంగులో డిజైనుకు అడ్డంగా వేసి చూపించినా మంచిదే. తన పేరున్న ఫొటోను బయటికి పంపడానికి ఎవరైనా జంకుతారు.

చట్టం సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త డిజైనును నమోదు చేసుకుంటే పదేళ్లు హక్కు ఉంటుంది, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. నకలు కొట్టినవారి నుంచి ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయల వరకు, ఒక డిజైనుకు మొత్తం మీద 50,000 వరకు రాబట్టవచ్చు. లేదా నష్టపరిహారానికి, అమ్మకం ఆపించడానికి దావా వేయవచ్చు. నమోదు చేయించకుండా, మీ హక్కు కాపీరైటు కింద ఉందిలే అని ఊరుకుంటే ప్రమాదం. నమోదుకు వీలుండి నమోదు కాని డిజైనుతో, హక్కుదారు స్వయంగా గానీ ఆయన అనుమతితో గానీ 50కి మించి వస్తువులు తయారైతే ఆ డిజైను మీద కాపీరైటు ఉండదు. యాభై ఒకటో చీర మగ్గం దిగేలోపు దరఖాస్తు వెళ్లాలన్నమాట.

డిజైను ముందే బయటపడితే కొత్తదనం పోయినట్టే. కానీ అదే చట్టం 16వ సెక్షన్ మీలాంటివారి పక్షాన నిలబడింది. నమ్మకం మీద ఒకరికి చూపినా, ఆ నమ్మకాన్ని వమ్ముచేసి మరొకరు బయటపెట్టినా, కొత్త నేత డిజైనుకు గుట్టుగా తొలి ఆర్డరు తీసుకున్నా అది వెల్లడి చేసినట్టు లెక్కకు రాదు. కనుక ఆ నోటుపుస్తకంలోనే ‘ఈ డిజైను నమ్మకం మీద చూపుతున్నాను, నకలు తీయరాదు’ అని రాసి చూసినవారి చేత సంతకం పెట్టించండి. హంసల అంచు మీద కూడా ఆశ వదులుకోవద్దు. మీ కంప్యూటర్‌లో ఆ ఫైలు మొదట తయారైన తేదీ చెరగకుండా ఒక నకలు వేరేచోట ఉంచి, ఈ వారంలోనే న్యాయవాదిని కలవండి.

ప్రశ్న: కర్నూలులో పెద్దాసుపత్రికి దగ్గరగా ఉన్న ఒక ల్యాబులో కౌంటరు దగ్గర పని చేస్తాను. మా కంప్యూటర్‌లో రోగుల పేర్లు, పరీక్షల ఫలితాలు వరుసగా ఉంటాయి. వరుసలో నిలబడిన ఒకతను తన ఊరి అమ్మాయి ఫలితం తెర మీద చూసి ఫొటో తీసి ఊళ్లో పంచాడు. ఆ అమ్మాయికి కుదిరిన సంబంధం ఆగిపోయింది. తప్పు నాదేనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక ఉద్యోగిని, కర్నూలు

జవాబు: తల్లీ, ఫొటో తీసినవాడిది తప్పు. తెరను జనం వైపు తిప్పి బల్ల వేయించినవారిది తప్పు. మీరు ఆ బల్ల ముందు కూర్చుని పని చేశారు, అంతే. ఈ జవాబు మీ యజమానికి చూపించండి, ఆయనతోనే మాట్లాడుతున్నాననుకుని రాస్తున్నాను.

అయ్యా, పైన ధర్మవరం అమ్మాయికి వద్దన్న ఫిల్మ్ మీకు కావాలి. మీ దగ్గర చూసేవాళ్లు పక్కల నుంచి, కౌంటరు అంచు మీదుగా చూస్తారు. అక్కడ అది పని చేస్తుంది. అయితే ముందు బల్ల తిప్పించండి. తిప్పించిన తర్వాత రోగులు నిలబడే చోట మీరే నిలబడి, ఉద్యోగిని వెనక ఏముందో చూడండి. ఇలాంటి కౌంటర్ల వెనక తరచూ అద్దాల బీరువా ఉంటుంది. సాయంత్రం లోపల దీపాలు వేస్తే ఆ అద్దంలో తెర మొత్తం కనిపిస్తుంది. అక్షరాలు తిరగబడి ఉంటాయన్న ధీమా వద్దు, ఫోనులో ఒక్క నొక్కుతో సరిచేసుకుంటారు. ఆ అద్దానికి లోపలివైపు కాగితం అంటించినా లాభం లేదు, గాజు మీద ప్రతిబింబం పడుతూనే ఉంటుంది. బయటివైపు మెరుపు లేని కాగితం అంటించండి.

జాబితా తెర మీద పేర్ల బదులు టోకెన్ నంబర్లు రావాలి. ఫలితం చూడవలసింది ఎవరు? డాక్టరు, రోగి. కౌంటరులో ఉన్న అమ్మాయికి ‘సిద్ధం’, ‘సిద్ధం కాలేదు’ అన్న రెండు మాటలు చాలు. ఆమెకు అక్కరలేనిది ఆమె తెర మీద లేకపోతే దాన్ని ఎవరూ ఫొటో తీయలేరు. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ విండోస్ మీట, ఎల్ అక్షరం కలిపి నొక్కితే తెర మూసుకుంటుంది. రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, ఇతరుల సమాచారాన్ని తగిన జాగ్రత్తలతో కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా రాసి ఉంది. ఆ భయంతో కాకపోయినా, ఆగిపోయిన ఆ పెళ్లి కోసమైనా ఈ పని చేయించండి.

ప్రశ్న: సినిమా హాలులో ఫోనుతో తీసినా ఎక్కడ తీశారో కనిపెడతారట, నిజమేనా? తెర వెనక కెమెరాను చెడగొట్టే దీపాలు కూడా ఉంటాయా?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: మొదటిది నిజం నాయనా. రీళ్ల కాలంలోనే, 1982లో కొడాక్ సంస్థ ఒక్కో ప్రింటులో ఒక్కో రకంగా సన్నటి చుక్కలు వేసి గుర్తుపట్టే పద్ధతి తెచ్చింది. ఇప్పటి డిజిటల్ హాళ్లలో కంటికి ఆనని ముద్ర బొమ్మలోనే కలిసిపోయి ఉంటుంది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి రాసుకున్న నిబంధనల ప్రకారం అది 35 బిట్ల (సున్నా, ఒకట్ల) ముద్ర: 16 బిట్లు సమయానికి, 19 బిట్లు ఏ హాలు యంత్రమో చెప్పడానికి. సమయాన్ని పావుగంటల్లో లెక్కిస్తారు. అయిదు నిమిషాల ముక్క దొరికితే చాలు, మొత్తం ముద్ర అందులో ఉంటుంది. దీపాల సంగతి అంటావా, 2009లో జపాన్ జాతీయ ఇన్ఫర్మాటిక్స్ సంస్థ పరిశోధకులు తెరకు ఉండే సన్నటి రంధ్రాల గుండా, మన కంటికి కనిపించకుండా కెమెరాకు మాత్రం చిక్కే పరారుణ కాంతి పంపి చూపించారు. టీవీ రిమోట్ మీట నొక్కి ఫోను ముందు కెమెరాతో చూడు, చాలా ఫోన్లలో ఊదారంగు వెలుగు కనిపిస్తుంది. అదే కాంతి. వెనక కెమెరాతో చూస్తే తరచూ కనిపించదు, దాన్ని ఆపే గాజు లోపల ఉంటుంది. ఆ గాజు అడ్డుపడితే ఆ దీపాల బలం తగ్గిపోతుంది. మన దేశంలో 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాలులో సినిమా రికార్డు చేస్తే కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు. జరిమానా మూడు లక్షలతో మొదలవుతుంది. సరదాకి కూడా ఫోను ఎత్తవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, పందొమ్మిదేళ్లు. ఒక అబ్బాయిని నమ్మి తన ఫొటో పంపింది. ఒక్కసారి చూడగానే మాయమవుతుందని, స్క్రీన్‌షాట్ రాదని చెబితే పంపానంటోంది. అతను ఇంకో ఫోనుతో ఆ తెరను ఫొటో తీసి ఉంచుకున్నాడు. ఇప్పుడు డబ్బు అడుగుతున్నాడు. ఆమె తండ్రికి తెలియదు. ఏం చేయను?
– ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మీకు చెప్పింది. అన్నిటికన్నా కష్టమైన పని ఆమె చేసేసింది. ఎందుకు పంపావు అన్న ప్రశ్న ఇప్పుడు అడగకండి, తర్వాత కూడా అవసరం లేదు. వాట్సాప్‌లో ‘ఒకసారి చూడండి’ అనే ఏర్పాటు 2021లో వచ్చింది, దానికి స్క్రీన్‌షాట్ అడ్డు తర్వాత పెట్టారు. ఆ కంపెనీ చెప్పింది అబద్ధం కాదు. రెండో ఫోను సంగతి మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పలేదు. మీ అమ్మాయి తెలివితక్కువది కాదు, ఆ ఏర్పాటును నమ్మింది.

డబ్బు ఒక్క రూపాయి కూడా పంపవద్దు. పంపినవారిని మళ్లీ అడుగుతారు. అతని సందేశాలు చెరిపేయవద్దు, బెదిరింపులు, నంబరు, డబ్బు అడిగిన ఖాతా వివరాలు కనిపించేలా అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయండి. సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన నేరాలకు వేరే విభాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. కానీ డబ్బు అడుగుతున్నాడు కాబట్టి పోలీసు స్టేషనుకు వెళ్లడమే మంచిది. ఏ స్టేషనైనా సరే, మా పరిధి కాదు అనడానికి వీల్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాలి. ఇలాంటి నేరంలో బాధితురాలి మాటలు మహిళా అధికారి నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే కొత్త చట్టంలోనే ఉంది, అడగండి. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ పేర్లు కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఫొటో తీయడానికి అమ్మాయి ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమేనని 77వ సెక్షన్ వివరణలోనే ఉంది. మీ ఇష్టంతోనే పంపారు కదా అని ఎవరైనా అంటే ఆ వాక్యం చదివి వినిపించండి.

స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఒకటి ఉంది, పద్దెనిమిదేళ్లు నిండినవారికి. అది ఫొటోను తీసుకోదు. మీ ఫోనులోనే ఆ ఫొటోకు ఒక అంకెల గుర్తు కట్టి, ఆ గుర్తును మాత్రమే తనతో చేతులు కలిపిన సామాజిక మాధ్యమాలకు పంపుతుంది. అదే ఫొటో అక్కడికి ఎక్కించబోతే గుర్తు పట్టి ఆపుతారు. ఇందులో ఒక చిక్కు ఉంది. తెరను మరో ఫోనుతో తీసిన ఫొటో, అసలు ఫొటో ఒకటి కావు, గుర్తులు తేడా పడవచ్చు. అతను బెదిరిస్తూ పంపిన ప్రతి ఉంటే దానికీ గుర్తు కట్టించండి, అమ్మాయి దగ్గరున్న అసలుకూ కట్టించండి.

తండ్రికి మీరే చెప్పండి, స్టేషనుకు వెళ్లేముందు, అమ్మాయి గదిలో లేనప్పుడు. ఆయన కోపమంతా మీ ముందే చల్లారనివ్వండి. ఈ కొద్ది రోజులు ఆమెను ఒంటరిగా పడుకోనివ్వకండి. ఫోను మాత్రం ఆమె చేతిలోంచి లాక్కోకండి, కొత్త ఫోనులోకి మార్చకండి, సాక్ష్యం అంతా అందులోనే ఉంది. స్టేషనులో ఎంతసేపు కూర్చోవలసి వస్తుందో తెలియదు, ఛార్జరు కూడా పట్టుకెళ్లండి.